కొలతకి ఒక మనిషి

"అక్కడ నిలబడు, కొలతకి" అంటాను.
వసిల్ వెళ్ళి నిలబడతాడు.
టోపీ తీసి చంకలో పెట్టుకుంటాడు,
ఫొటోకి కాదు,
ఏదో ప్రమాణం చేయబోతున్నట్టు.

గ్లెండన్‌లో ఫోర్కుకి గుచ్చిన కుడుము
మా ఇంటికప్పు కన్నా ఎత్తు.
దాని కింద నిలబడి మెడ వెనక్కి వాల్చి
చాలాసేపు చూశాడు.
"మా అమ్మయితే ఒప్పుకోదు,
అంచులు సరిగా నొక్కలేదు" అన్నాడు.

విల్నాలో పుట్టగొడుగులు.
ఇంకో ఊళ్ళో బాతు, రెక్కలు చాపి,
ఎగిరేది లేదు, దిగేది లేదు.
గోరంతలు కొండంతలు చేస్తారని
మనుషుల్ని తిడతాం గానీ
ఇక్కడ ఊళ్ళకి ఊళ్ళే ఆ పని చేశాయి,
చందాలు వేసుకుని మరీ.

ఇదంతా మొదలైంది ఒక తగువుతో.
నన్నడక్కుండా వేలంపాటలో
పాత గడ్డికోత యంత్రం కొన్నాడు.
నలభై మైళ్ళు
ఇద్దరం అద్దంలోంచి రోడ్డునే చూస్తూ వచ్చాం.
వెగ్రవిల్ దగ్గర అతను కారాపాడు,
కాళ్ళు పట్టేశాయని.
అక్కడ ఈస్టర్ గుడ్డు, రంగురంగుల ముక్కల గుడ్డు,
గాలి ఎటు తోస్తే అటు తిరిగేది.
చూస్తుండగానే మెల్లగా
నా వైపు తిరిగింది.
"అదీ నీ పక్షమే" అన్నాడు.
నవ్వకూడదనుకున్నాను.
నవ్వాను.

పక్కింటి స్టెఫానియా
ప్రతి చలికాలం వేడిసముద్రాలకి పోయొస్తుంది.
"ఆ ఊళ్ళలో పెద్దగా చూసేదేముంది, డార్కా?"
"పెద్దగా ఉన్నదే చూస్తాం" అంటాను.
ఆమెకి అర్థం కాదు.
నాకూ సగమే.

ఎలివేటర్‌లో కాటా దగ్గర ఇరవయ్యారేళ్ళు చేశాను.
నిండు లారీ ఎక్కేది, రాసుకునేదాన్ని.
ఖాళీ లారీ ఎక్కేది, రాసుకునేదాన్ని.
మధ్యలో తేడా ఉంటుందే, దానికే డబ్బు.
రైతులు నా చేతివంక చూసేవాళ్ళు
డాక్టరు చేతివంక చూసినట్టు.
ఆదివారాలు మాత్రం
తూచలేని వాటి దగ్గరికి వెళ్ళాలనిపించేది.

ఆల్బంలో నూట పన్నెండు ఫొటోలు.
అన్నిట్లో అదే గోధుమరంగు కోటు.
మొదట్లో భుజాల దగ్గర బిగుతు.
తర్వాత సరిపోయింది.
ఇప్పుడు చేతులు అంచుల్లోంచి
వేళ్ళు మాత్రమే బయటపెడతాయి.

ఈ వసంతంలో నర్సు గోడకానించి నిలబెట్టి
రెండంగుళాలు తగ్గారంది.
ఇంటికొస్తూ దారంతా దాని గురించే.
"ఇక నేను కొలతకి పనికిరాను.
ఇకమీదట అన్నీ
ఉన్నదానికంటే పెద్దగా పడతాయి.
మోసం కదూ?"
కాటా మనిషిని పెళ్ళాడాడు మరి,
ఆ మాత్రం భయం ఉంటుంది.

సెప్టెంబరులో ఇంకో ఊరికి బయల్దేరాం,
ఆ ఊరి పేరు చెప్పను, పాపం.
బీట్‌రూట్ ఉండాలి అక్కడ,
ఆకులతో సహా మూడంతస్తుల ఎత్తు.
వెళ్ళేసరికి
సిమెంటు దిమ్మె,
నాలుగు బోల్టులు,
ఎర్రరంగు పెచ్చులు కాసిని.
పెట్రోలు బంకులో పిల్ల చెప్పింది:
లోపల ఇనుమంతా తుప్పు,
క్రేను వచ్చింది,
పాత సామాన్లవాడు తీసుకుపోయాడు.
"మీరు చాలా దూరం నుంచి వచ్చారా?" అనడిగింది,
మాకు ఎవరో పోయినట్టు.

నేను కారు తాళాలు వెతుక్కుంటున్నాను.
తలెత్తేసరికి అతను దిమ్మె ఎక్కాడు.
ఎలా ఎక్కాడో, మోకాళ్ళు ఒప్పుకున్నాయో లేదో.
నాలుగు బోల్టుల మధ్య నిలబడి
టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

కెమెరాలో చూశాను.
వెనక కోసేసిన చేను,
ఆ పైన అంతా ఆకాశమే.
పక్కన పోల్చుకోడానికి ఏమీ లేదు.

"ఎంతుంది?" అని అరిచాడు అక్కణ్ణించి.
మామూలుగా బోర్డు మీద చదివి చెప్తాను,
ఇన్ని అడుగులు, ఇన్ని టన్నులని.
బోర్డు కూడా పీకేశారు.

"చాలా ఉంది" అన్నాను.
"కదలకు."